నూటికి ఇరవై రెండు బాణాలు

పోయినవి

ముందు పోయినవాటి లెక్క. ఒక డేగ. దాని కింద పదకొండు కోటలు. ఆ కోటల్లో తొమ్మిది గుర్రాలు, అందులో ఒకటి తెల్లది. ఆడకముందే పోయిన ఫైనల్ మ్యాచ్ ఒకటి. మహబూబాబాద్ స్టేషన్లో నా ఎడమకాలి చెప్పు. భూపాలపల్లిలో ఒక పిండి గిర్నీకి ఒక మధ్యాహ్నం గిరాకీ. జనగామలో ఒక దర్జీకి మా కంపెనీ మీదున్న గౌరవం. అది మొదట్లో ఎంత ఉండేదో నాకు తెలియదు కాబట్టి ఎంత పోయిందో చెప్పలేను. బాణాలు కూడా చాలానే పోయాయి గానీ వాటిని లెక్కలోంచి తీసేశాను. బాణం ఉండేదే పోవడానికి.

ఒక మనిషి పేరు పోబోయి ఆగింది. దాన్ని పోయినవాటిలో కలపలేదు. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా దాని గురించే.

ఈ డేగ, కోటలు, గుర్రాలు చేత్తో పట్టుకునేవి కావు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ నడిపిన ఆన్‌లైన్ ఆటలోవి. ఐదుగురు ఒక జట్టు. విల్లుతో బాణాలు వేసి అవతలి జట్టు కోట పట్టుకోవాలి. ఇప్పటి ఆటలతో పోలిస్తే బొమ్మలు మట్టిముద్దల్లా ఉండేవి. అయినా తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసి కూర్చున్న ఆ రోజుల్లో, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నెట్ సెంటర్లలో కుర్చీ దొరికేది కాదు. అప్పటికి ఆ మూడూ ఒకే జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలు.

ఆ ఆటలో మోసాలు పట్టుకోవడం నా ఉద్యోగం. అంతకుముందు జనగామలో ఒక రైస్ మిల్లులో వచ్చిన బస్తాలు, పోయిన బస్తాలు రాసేదాన్ని. చదువు పదో తరగతి. మధ్యాహ్నాలు మా తమ్ముడి నెట్ సెంటర్ కౌంటర్లో కూర్చునేదాన్ని. ఒకే ఐడీ మా దగ్గరా, అదే సమయానికి ఇంకో ఊళ్లోనూ ఆడుతోందని ఒకసారి ఆ ఊరివాళ్ల మాటల్లో పట్టుకొని కంపెనీకి ఫోన్ చేశాను. ఒకే బస్తా రెండు లారీల్లో ఎక్కదు కదా. వాళ్లు ఫిర్యాదు తీసుకోవడానికి బదులు నన్నే తీసుకున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఒక్క బాణం కూడా వేయలేదు. వేయడం రాదు. తగిలినవీ తగలనివీ లెక్కపెట్టడం వచ్చు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు పెద్ద పెద్ద పరికరాలున్నాయి. వాటి గురించి నేను చెప్పగలిగింది లేదు. మనుషుల గురించి కొంచెం ఉంది.

కరెంటు పోయింది

మొదట పట్టుకున్న మోసానికి కంప్యూటర్‌తో సంబంధమే లేదు. ఆట మధ్యలో ఒక జట్టు మొత్తానికి కరెంటు పోతే ఆ మ్యాచ్ రద్దు చేసి మళ్లీ ఆడించాలని నియమం. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చొని రాసిన నియమం అది. మా దగ్గర దాన్ని చదివిన మొదటి రోజే అందరికీ అర్థమైంది: ఓడిపోతున్నప్పుడు కరెంటు పోవాలి.

ఇందులో ఆరితేరినవాడు సమ్మయ్య. భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల పక్కన అతనిది నెట్ సెంటర్. షిఫ్టు దిగి వచ్చిన నలుగురు కార్మికులను కలుపుకొని జట్టు కట్టాడు, తనే కెప్టెన్. ఓడిపోయే ప్రతి మ్యాచ్‌లోనూ అతనికి కరెంటు పోయేది. జనగామలో పోయిందంటే నమ్ముతాం, మాకది అలవాటు. థర్మల్ ప్లాంటు పొగ కనపడే ఊళ్లో, అదీ కోట కూలే సమయానికే పోతుందంటే లెక్క కుదరలేదు.

సమ్మయ్య సెంటర్‌కు గోడ అవతలే రాజమ్మ అవ్వ పిండి గిర్నీ. ఆమె నంబర్ సంపాదించాను. సమ్మయ్య నుంచి "కరెంటు పోయింది" అని రాగానే అవ్వకు ఫోన్ కొట్టేదాన్ని.

"అవ్వా, కరెంటు ఉన్నదా?"

"గిర్నీ సప్పుడు నీకు ఇనొస్తలేదా బిడ్డా? నాకైతే నీ మాటనే ఇనొస్తలేదు."

ఈ పద్ధతి నాలుగు మ్యాచ్‌ల వరకు పనిచేసింది. ఐదోసారి ఫోన్ చేస్తే గిర్నీ చప్పుడు లేదు. కరెంటు నిజంగానే పోయిందనుకొని మ్యాచ్ రద్దు చేశాను. తర్వాత తెలిసింది, సమ్మయ్య అవ్వకు రెండు కిలోల పల్లీలిచ్చి ఆ మధ్యాహ్నం గిర్నీ ఆపించాడు. మక్కలు పట్టించుకుందామని వచ్చినవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకొని వెనక్కి పోయారు. ఆ సంగతి నాకు చెప్పింది అవ్వే. పల్లీల్లో సగం పుచ్చువట. పల్లీలు మంచివై ఉంటే ఆ మోసం ఇప్పటికీ బయటపడేది కాదు.

మోసం చేసేవాడు ఎప్పుడూ ఎక్కడో ఒక దగ్గర పిసినారితనం చూపిస్తాడు. అక్కడ చూడండి.

తొంభై నాలుగు

నా పై అధికారి రవికుమార్ గారు. కోస్తా మనిషి, కష్టపడేవాడు, చెడ్డవాడు కాదు. కానీ నెలకు ఇరవై ఐడీలు నిషేధించాలని ఒక లెక్క పెట్టుకున్నాడు. మోసగాళ్లు ఇరవై మంది దొరకని నెలలో ఏం చేయాలో చెప్పలేదు.

మొదటి నెల ఫోన్‌లో సమ్మయ్య గురించి చెబుతూ, "వీడు శాన పరేషాన్ చేస్తున్నడు సార్" అన్నాను. అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది.

"పరేషాన్ అంటే ఏ కేటగిరీలో పడుతుందండీ సరోజ గారూ? సాఫ్ట్‌వేర్ మోసమా, ఐడీ అమ్మకమా, బూతులా?"

మూడూ కాదన్నాను. అయితే ఫారం తీసుకోదన్నాడు. మా మాట తీరును వెక్కిరిస్తున్నాడేమోనని ఆ రోజు కోపం వచ్చింది. ఏడాది తర్వాత ఆయనే ఫారంలో నాలుగో గడి పెట్టించాడు, దాని పేరు పరేషాన్. అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు అందులోనే వచ్చేవి.

ఆయన చేసిన పెద్ద పొరపాటు జనగామ దర్జీ విషయంలో. నూరు బాణాలు వేస్తే అతనివి తొంభై నాలుగు తగులుతున్నాయి. మంచి ఆటగాడికి యాభై దాటడమే గొప్ప. గురి పెట్టే దొంగ ప్రోగ్రాం వాడుతున్నాడని రవికుమార్ గారు ఐదు నిమిషాల్లో నిషేధించారు. అంకె చూసి నేనూ సరేనన్నాను. దర్జీ టేపు మెడలో వేసుకొనే మా సెంటర్‌కు వచ్చాడు. నా పక్కన కూర్చొని తన పాత ఆటలు తిప్పి చూపించాడు. అతను కదిలే మనిషి మీద బాణం వేయడు. కోట గోడ మీద కునుకు తీసే కాపలావాళ్ల మీదే వేస్తాడు. నిలబడి నిద్రపోయేవాడికి తొంభై నాలుగు తగలడం వింత కాదు, ఆరు ఎలా తప్పాయన్నదే వింత.

రవికుమార్ గారు క్షమాపణ చెప్పడానికి స్వయంగా జనగామ వచ్చారు. మర్యాద కోసం ఒక ప్యాంటు కూడా కుట్టించుకున్నారు. దాని కుడికాలు ఎడమకాలి కంటే అంగుళం పొట్టి. ఫోన్ చేసి అడిగితే దర్జీ శాంతంగా చెప్పాడు: "నూటికి తొంభై నాలుగు పాళ్లు సరిగ్గనే కుట్టిన సార్."

ఎన్ని తగిలాయన్నది సగం లెక్క. దేనికి తగిలాయన్నది మిగతా సగం. ఇది దర్జీ నేర్పిన పాఠం. సలీం విషయంలో పనికొచ్చింది కూడా ఇదే.

బంద్ రోజు ఎగిరిన డేగ

మహబూబాబాద్‌ను మావైపు ఇప్పటికీ మానుకోట అంటారు. అక్కడ సలీం కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు కొత్త తీగ చుట్టే పని చేసేవాడు. పాతికేళ్లుంటాయి. ఆటలో అతని ఐడీ పేరు బాజ్, అంటే డేగ. మా మూడు ఊళ్లలో అంత గురి ఉన్నవాడు లేడు. నూటికి అరవై ఒకటి, అదీ పరుగెత్తే గుర్రాల మీద ఉన్నవాళ్లకు. బాజ్ జెండా మీద అతను "జై తెలంగాణ" అని రాసుకున్నాడు. సీజన్ మధ్యలో జెండా మార్చకూడదని మా నియమం. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అది పెద్ద సమ్మె కాలం. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గుబాయిలు కూడా ఆగిపోయాయి. కంపెనీ నియమాల్లో లేకపోయినా మా మూడు జట్లకూ ఒక కట్టు ఉండేది: బంద్ అన్న రోజు ఎవరూ ఆడకూడదు. నెట్ సెంటర్లు షట్టర్ దించేవి. ఓడిపోతే కరెంటు పోయిందని అబద్ధమాడే సమ్మయ్య కూడా ఆ కట్టు తప్పలేదు.

అలాంటి ఒక బంద్ మర్నాడు సమ్మయ్య ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"అక్కా, నిన్న బాజ్ ఆడిండు. పొద్దంత ఆడిండు. రెండు కోటలు వట్టిండు."

బంద్ రోజు అతనికెలా తెలిసిందని అడిగాను. సగం షట్టర్ లేపి చూశాడట.

"నేను ఆడలే. ఎవడన్న ఆడుతుండా అని చూసిన, గంతే. చూసుడు వేరు, ఆడుడు వేరు."

ఫిర్యాదు రాయమని పట్టుబట్టాడు. రవికుమార్ గారిని అడిగితే, బంద్ రోజు ఆడకూడదని మన రూల్స్‌లో ఎక్కడా లేదు కదండీ అన్నారు. నిజమే, లేదు. కానీ బాజ్ లెక్కలు తీసి చూస్తే నాకు ఇంకొకటి కనపడింది. రెండు వారాలుగా డేగ గురి పడిపోయింది. అవే పరుగెత్తే గుర్రాలు, అదే విల్లు. అరవై ఒకటి ఉండేది ఇరవై రెండుకు వచ్చింది. ఎక్కడి నుంచి ఆడుతున్నాడో చూద్దామంటే, అప్పట్లో ఎవరు ఏ మూల నుంచి ఆడినా నెట్ కంపెనీ హైదరాబాద్ అనే చూపించేది. చేతికి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. ఐడీ అమ్ముకున్నాడేమో అని కూడా అనుకున్నాను. అమ్మితే ఆ ఐడీకి జీవితాంతం నిషేధం. వారంలో ఫైనల్, అందులో మానుకోట జట్టుకు ఉన్న బలమల్లా సలీమే.

మర్నాడు రైళ్లు నడుస్తున్నాయని తెలిసి బయలుదేరాను. కిక్కిరిసిన పెట్టెలోంచి దిగేటప్పుడు ఎడమకాలి చెప్పు లోపలే ఉండిపోయింది.

టెంటులో పంచాయితీ

సలీం దుకాణం మూసి ఉంది. పక్కవాళ్లు టెంటు చూపించారు. రిలే దీక్షలు నడుస్తున్నాయి, రోజుకో వృత్తివాళ్లు ఉపవాసం కూర్చునేవారు. ఆ రోజు కూరగాయలమ్మేవాళ్ల వంతు, మర్నాడు మోటార్ మెకానిక్‌లది. టెంటులో మధ్యాహ్నం పూట పాటలు అయిపోయాక, నిమ్మరసం వచ్చేదాకా చేయడానికి పనుండదు. ఊళ్లో ఎవరి తగవైనా ఆ వేళకు అక్కడికే చేరేది. ఆకలి మీదున్న జనం తీర్పు చెప్పడంలో మహా చురుకు.

నేను వెళ్లేసరికే సమ్మయ్య అక్కడున్నాడు. నర్సంపేట మీదుగా బండి మీద వచ్చాడు. సలీం నేల చూస్తూ గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. ముందు అతని చేతులు చూశాను. పది వేళ్లూ బాగున్నాయి. మెకానిక్‌ల సంఘం అధ్యక్షుడు యాదగిరి చాప మీద బాసింపట్టు వేసుకొని కూర్చుని అడుగుతున్నాడు.

"రేపు మన సంఘం వంతు. దండలేస్తరు, పేర్లు సదువుతరు. బంద్ నాడు ఆటలాడినోన్ని పక్కన కూసోబెట్టుకుంటే మా మొకం ఏమైతది? ఆడినవా లేదా, గదొక్కటి చెప్పు."

సలీం గుంజను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. సమ్మయ్య జరిగింది మొదటి నుంచి చెప్పాడు, కోటలు, గుర్రాలు, తెల్ల గుర్రంతో సహా. దీక్షలో ఉన్న కూరగాయల వెంకటమ్మ అవ్వకు గుర్రాల దగ్గర మెలకువ వచ్చింది.

"ఎవలి గుర్రం పోయింది?"

"పోలేదవ్వా. గుర్రమెక్కి యుద్ధం చేసిండు, బంద్ నాడు."

"తెల్లదా? గింత కరువుల తెల్లగుర్రానికి దాణా ఏడికెల్లి తెచ్చిండే పోరడు?"

అది నిజం గుర్రం కాదని యాదగిరి నచ్చజెప్పాడు. నిజం గుర్రం కానప్పుడు నిజం యుద్ధం ఎట్లయిందని అవ్వ అడిగింది. అయినా తీర్పు మాత్రం ఒక్కవైపే పోతోంది. జాబితాలోంచి సలీం పేరు కొట్టేయమని వెనక నుంచి ఇద్దరు ముగ్గురు అన్నారు. ఒకడు ద్రోహి అనే మాట కూడా వాడాడు. ఆ రోజుల్లో ఆ మాట అంటుకుంటే దుకాణం ముందు మోటారు దించేవాడు ఉండడు. సలీం మెడ ఇంకొంచెం వంగింది గానీ నోరు మాత్రం తెరవలేదు.

కంపెనీ నుంచి వచ్చానని చెప్పుకొని నేను లేచాను. అమ్మా, నీ లెక్క కూడా చెప్పు అన్నాడు యాదగిరి. నేను లెక్కే చెప్పాను. బంద్ రోజు బాజ్ ఇన్ని గంటలకు మొదలుపెట్టాడు, ఇన్ని గంటలకు ఆపాడు, రెండు కోటలు పట్టాడు, ఆ కోటల్లో ఎదురు నిలిచినవాళ్లు దాదాపు లేరు. నూరు బాణాలకు ఇరవై రెండు తగిలాయి.

సలీం తల పైకెత్తాడు.

"ఎన్ని?"

"ఇరవై రెండు."

"నూటికా?"

"నూటికే."

"గది నేను కాదక్కా." గుంజ వదిలి ముందుకొచ్చాడు. "ఇరవై రెండేంది? కండ్లకు రుమాల్ కట్టుకొని కొట్టినా నలభై పడ్తయి నాకు. ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు? సమ్మయ్యన్నా, నువ్వు చెప్పు. నా చేతులకెల్లి ఇరవై రెండు వస్తయా?"

సమ్మయ్యకు అబద్ధమాడటం కొత్త కాదు. కానీ ఆట దగ్గర మాట తప్పడు.

"రావు. వీని బాణం నా ఛాతి మీద ఎన్నిసార్లు వడ్డదో నాకెరుక."

"మరి ఆడింది ఎవరురా?" అన్నాడు యాదగిరి.

అప్పుడు సలీంకు తాను ఎంతవరకు వచ్చేశాడో అర్థమైంది. వెనక్కి పోవడానికి దారి లేదు. చెప్పేశాడు. సమ్మెలో కరెంటు సరిగా లేక మోటార్లు తిరగలేదు, తిరగని మోటారు కాలదు, కాలని మోటారుకు తీగ చుట్టేవాడు అక్కర్లేదు. బంద్‌లన్నిటికీ దుకాణం మూశాడు. చేత్తో చుట్టే పాత పద్ధతిలో వచ్చే రెండు మూడు పనులూ గిట్టుబాటు కాలేదు. ఏలూరులో పాత మెషిన్ల దుకాణం నడిపే ప్రసాద్ గారు ఆటలోనే పరిచయం. ఆయన దగ్గర ఒక వైండింగ్ మెషిన్ ఊరికే పడుంది. బాజ్ ఐడీ ఆయనకు, మెషిన్ సలీంకు. రైలు పార్సిల్‌లో మెషిన్ వచ్చింది, ఫోన్‌లో పాస్‌వర్డ్ వెళ్లింది. ఇది బయటపడితే ఐడీ పోతుంది, ఐడీ పోతే ఆయన మెషిన్ వెనక్కి అడుగుతాడు. అందుకని ద్రోహి అన్నా పడ్డాడు. ఇరవై రెండు అంటే మాత్రం పడలేకపోయాడు.

వెంకటమ్మ అవ్వ తేల్చేసింది.

"వాని గుర్రం వాడు అమ్ముకుండు. కొన్నోడు ఎక్కితే వీంది తప్పెట్లైతది? రేపు కూసోనియ్యుండ్రి పిలగాన్ని."

బంద్ సంగతి అలా కొట్టేశారు. యాదగిరి మాత్రం ఒక్క విషయం అడిగి తేల్చుకున్నాడు: అయితే మొన్న బంద్ రోజంతా జై తెలంగాణ జెండా పట్టుకొని తిరిగినవాడు ఏలూరు మనిషా అని. అవునన్నాను. టెంటు మొత్తం నవ్వింది. ఉపవాసం ఉన్నవాళ్లు అంత నవ్వకూడదేమో.

మర్నాడు సలీం మెడలో దండతో కూర్చున్నాడు. బాజ్ ఐడీని నేను ఆ సాయంత్రమే నిషేధించాను. పదకొండు కోటలు, తొమ్మిది గుర్రాలు దానితోనే పోయాయి. మానుకోట జట్టు ఫైనల్ నుంచి తప్పుకుంది. ఆడకుండానే కప్పు భూపాలపల్లికి వచ్చింది. సమ్మయ్య దాన్ని తీసుకోనన్నాడు. కరెంటు పోయిందని రాసుకోండి, మళ్లీ ఆడతానన్నాడు. జీవితంలో మొదటిసారి గెలిచినప్పుడు కరెంటు పోగొట్టుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. గిర్నీ తిరుగుతోందని కనుక్కున్నాను.

ఇలా చేయడానికి నాకు చేతులు సులువుగా రాలేదు. సలీం అంటే జాలి ఉండింది, ఇప్పటికీ ఉంది. ఐడీ అమ్మడమంటే గుర్రం అమ్మడం కాదు. అవతలి జట్టు అరవై ఒకటి కొట్టేవాడికి భయపడి వెనక్కి తగ్గుతుంది, అక్కడుండేది మాత్రం ఇరవై రెండు కొట్టేవాడు. అమ్మింది అతని వస్తువే, మోసపోయింది మాత్రం ఇంకొకరు. జాలిపడండి, నిషేధించండి. ఒకటి చేయాలంటే రెండోది మానాలని ఎక్కడా లేదు.

రవికుమార్ గారు తర్వాత అడిగారు, ఆ ఇరవై రెండు కావాలనే అందరి ముందూ చదివారా అని. ఉన్న అంకె చదివానన్నాను. దాన్ని చివర్న ఎందుకు చదివారన్నారు. మొత్తం ఎప్పుడూ చివర్నే వస్తుంది సార్ అన్నాను. మీరు మాత్రం ఇది రాసుకోండి. దొంగతనం ఒప్పుకొనే ఆటగాణ్ని చూశాను, ద్రోహం ఒప్పుకొనేవాణ్ని కూడా చూశాను, చేతకానితనం ఒప్పుకొనేవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

ఏలూరు ఫోను

రెండు రోజులకు ప్రసాద్ గారు ఫోన్ చేశారు. నలభై దాటిన గొంతు.

"ఏవండీ, నాకేం తెలుసండీ మీ బంద్ సంగతి? మాకిక్కడ షాపులన్నీ తీసేవున్నాయి. ఆ జెండా చూసి మా బావమరిది మూడ్రోజులు నాతో మాట్లాడలేదండీ. మార్చుదామంటే మీ రూల్ ఒప్పుకోదాయె."

జెండా విషయంలో ఆయన పడ్డ కష్టాన్ని పరేషాన్ గడిలో నమోదు చేశాను. కొన్నవాడికి కూడా నిషేధం ఉంటుందని చెప్పాను, ఒక సీజన్. దానికి పెద్దగా బాధపడలేదు. మెషిన్ వెనక్కి పంపించమనండి అన్నారు. మా నియమాల్లో మెషిన్ల గురించి లేదు, మీరిద్దరూ మాట్లాడుకోండి అని సలీం నంబర్ కలిపాను. కలిపి, వినకూడదనుకుంటూనే విన్నాను.

మెషిన్ పంపిస్తే తన బతుకేమిటని సలీం అడగలేదు. అడిగితే ఆయన ఏమనేవారో తెలియదు. సలీం అడిగింది ఇది: "ప్రసాద్ సాబ్, నా విల్లు చేతికిచ్చినంక ఇరవై రెండేంది సాబ్? తీగ గుంజినట్టు గుంజుతున్నరా?"

ఎలా గుంజాలండీ మరి, అన్నారాయన.

సలీం చెప్పడం మొదలుపెట్టాడు. మోటారుకు తీగ చుట్టేటప్పుడు చుట్టు చుట్టుకూ లోపల ఒక లెక్క నడుస్తుంది. విల్లు లాగేటప్పుడూ అదే లెక్క. కంటితో వదలకూడదు, లెక్కతో వదలాలి. మెషిన్లు అమ్మేవాడికి ఆ భాష వెంటనే ఎక్కింది. అరగంట మాట్లాడుకున్నారు. ఆఖరికి ఒప్పందం ఇది: ఐడీ ఎలాగూ పోయింది. కాబట్టి ఆ ఐడీలో ఉండిన గురి ఆయన చేతికి రావాలి. ఇరవై రెండు నుంచి అరవై ఒకటికి, అంటే నూటికి ముప్పై తొమ్మిది బాణాలు. అవి వచ్చాక మెషిన్ బాకీ తీరినట్టు.

ఇలా ఫోన్‌లో నేర్పడం మోసమవుతుందా అని రవికుమార్ గారు అడిగారు. ఇంకొకరి చెయ్యి వాడితే మోసం, మాట వాడితే కాదు అని రాసి పంపాను. ఉద్యోగంలో నేను రాసిన నియమం ఇదొక్కటే.

సీజన్ నిషేధం తీరాక ప్రసాద్ గారు కొత్త ఐడీ తెరిచారు. జెండా తెల్లగా ఉంచుకున్నారు. వారం వారం ఆయన లెక్క ఇద్దరూ నన్నే అడిగేవారు, ఎందుకంటే ఒకరి అంకె మీద ఇంకొకరికి నమ్మకం లేదు. ఇరవై తొమ్మిది. ముప్పై నాలుగు. మధ్యలో షాపు మెట్ల మీద జారి చెయ్యి బెణికితే మళ్లీ ముప్పై ఒకటి. ఆ మూడూ ఎవరి ఖాతాలో వేయాలని పెద్ద తగువు. నలభైకి వచ్చిన రోజు సలీంకు ఏలూరు నుంచి పార్సిల్‌లో మామిడి తాండ్ర వచ్చింది. సలీం దాన్ని బాకీలో కలపనన్నాడు. తాండ్ర వేరు, బాణం వేరు. సమ్మయ్యకు ఇది తెలిసి, భూపాలపల్లి నుంచి ఆయన మీద ఉత్తుత్తి యుద్ధాలు ఆడేవాడు, కొట్టడానికి గుర్రం మీద ఎవడో ఒకడు పరుగెత్తాలి కదా అని.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మానుకోటలో రంగులు చల్లుకుంటున్న చప్పుడు మధ్యలో సలీం ఫోన్ ఎత్తితే అటువైపు ప్రసాద్ గారట. ముబారక్ అన్నారట, కొంచెం ఆగి, రేపు క్లాసు ఉంటుందిగా అన్నారట. ఉంటుందన్నాడు. నలభై నాలుగు.

నలభై ఏడు దగ్గర ఉండగా కంపెనీ సర్వర్ ఆపేసింది. కొత్త ఆటలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, మా మట్టిముద్దల గుర్రాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. రవికుమార్ గారు ఆఖరి రోజు ఫోన్ చేసి, ఇది ఏ కేటగిరీలో వేద్దామండీ అన్నారు. నాలుగో గడిలో వేయమన్నాను. నేను ఇంటికి వచ్చేశాను.

సలీం దుకాణం ఇప్పుడు పెద్దది. కొత్త మెషిన్లున్నా ఆ పాతది ముందువైపే ఉంటుంది, రోజూ తిరుగుతుంది. దాని మీద హక్కు తేలలేదు. ఇద్దరూ పండగలకు ఫోన్‌లో మాట్లాడుకుంటారు, మాట్లాడిన ప్రతిసారీ బాకీ సంగతి వస్తుంది. తీర్చడానికి ఆ విల్లు లేదు, ఆ గుర్రాలు లేవు. వేరే ఆటలో తీరుస్తానని సలీం అంటే ప్రసాద్ గారు ఒప్పుకోలేదు, కొలత మారిపోతుందట. ఆయన అన్నది సరైనదే. రెండు రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఆస్తులు, అప్పులు పెద్ద పెద్దవాళ్లు కూర్చొని పంచారు. ఈ ఒక్క బాకీ వాళ్ల పట్టీలో ఎక్కలేదు కాబట్టి నేనే గుర్తుపెట్టుకున్నాను.

మానుకోట సలీం ఏలూరు ప్రసాద్ గారికి ఈనాటికీ ఇవ్వాల్సింది, నూటికి పద్నాలుగు.